పుట్టుక వరస

మా తోడల్లుడు మోసగాడు. ఈ మాట నేను ఇంతవరకు నలుగురిలో అనలేదు. అనకపోవడం వల్లే వ్యవహారం ఇంతదూరం వచ్చింది కాబట్టి, ఇప్పుడు రాసే పెడుతున్నాను. ఇంట్లో అందరూ అతన్ని వెన్నపూస అంటారు. మెత్తగా మాట్లాడతాడని మా అత్త ముద్దుగా పెట్టిన పేరు. టైల్స్ షాపు నడుపుతాడు. వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "మీ అభిరుచికి ఇది కాస్త తక్కువేనండీ" అంటూ రెట్టింపు ధర పలకలు అంటగడతాడు. కొన్నవాడు దండం పెట్టి మరీ వెళ్తాడు. నేను కాలిపోయిన మోటార్లకి కొత్త తీగ చుట్టేవాణ్ణి. ఏడో తరగతిలో బడి మానేశాను. ఒళ్ళంతా వార్నిష్ వాసన. ఉన్నదున్నట్టు అంటాను, అందుకే నాకు ఎవరూ ముద్దుపేరు పెట్టలేదు.

తగువు మా మామ బండి దగ్గర మొదలైంది. మామ ఊరి నీళ్ళ పైపుల మేస్త్రీ. ఎక్కడ పైపు పగిలినా భుజాన రెంచీ వేసుకుని ఆ బండి మీదే వెళ్ళేవాడు. ట్యాంకుకి అటూ ఇటూ రెక్కలు విప్పిన గుర్రం బొమ్మ ఉంటుంది. కంపెనీ అసలు పేరు నోరు తిరగనిది కాబట్టి ఎవరైనా గుర్రం బండి అనే అంటారు. ఆ ఫ్యాక్టరీ మూతబడి ఎన్నో ఏళ్ళయింది. అయినా ఆ బండి ఉన్నవాళ్ళకి అదొక పిచ్చి. దాని చప్పుడు వేరు. దాహం వేసిన ఎద్దు తొట్టిలో మూతి పెట్టి నిదానంగా నీళ్ళు తాగుతున్నట్టు ఉంటుంది. మామకి ఇద్దరూ ఆడపిల్లలే. వీధి మలుపులో ఆ చప్పుడు వినగానే ఆటలు ఆపి పుస్తకాలు తెరిచేవాళ్ళమని మా ఆవిడ ఇప్పటికీ చెబుతుంది. పెద్దది ట్యాంకు మీద, చిన్నది వెనక, మధ్యలో నాన్న. పెద్దది మా ఆవిడ. చిన్నది వెన్నపూస భార్య.

మామ పోయాక అత్త అన్నీ సమానంగా పంచింది. బీరువా ఒకరికి, మంచాలు ఒకరికి. బండి దగ్గరికి వచ్చేసరికి బండి ఒక్కటే, అల్లుళ్ళం ఇద్దరం. బొమ్మా బొరుసా వేసుకుందామన్నాను నేను. అది న్యాయం. వెన్నపూస తల అడ్డంగా ఊపాడు.

"బొమ్మా బొరుసా వేస్తే ఒకరు గెలుస్తారు అన్నయ్యా. బంధుత్వంలో ఒకరు గెలవకూడదు. మీరు బాడీ తీసుకోండి, నేను ఇంజను తీసుకుంటాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు కలిపేసుకుందాం. మనమూ అంతేగా, విడిగా ఉన్నా ఒకటే."

అత్త కళ్ళు తుడుచుకుంది. ఏ అల్లుడు ఇలా మాట్లాడతాడు చెప్పండి. నేను కాదంటే నేనే చెడ్డవాణ్ణి. ఆ పూటే పెరట్లో బోల్టులు విప్పాం. మామ చేత్తో బిగించినవి, ఒక పట్టాన కదల్లేదు. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తూ, "కోడిని కోసినట్టు కోస్తున్నారు మా నాన్న బండిని" అంది. చెల్లెలు లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తర్వాత అక్కాచెల్లెళ్ళ మధ్య మాటలు తగ్గాయి. నీ మొగుడు ఇంజను కొట్టేశాడని ఇది అన్నదట, నీ మొగుడే బొమ్మాబొరుసు అన్నాడని అది అన్నదట. చివరికి పండో కాయో పంపుకోవడం కూడా మానేశారు.

ఇంజను లేని బాడీ అంటే ఏమిటో తెచ్చుకున్నాక తెలిసింది. నా షాపులో గోడకి ఆనించి పెడితే దాని హ్యాండిల్‌కి పనివాళ్ళు చొక్కాలు తగిలించేవాళ్ళు. ఇంజను ఇమ్మని ఎన్నిసార్లు వెళ్ళానో. "తప్పకుండా అన్నయ్యా, ఆదివారం రండి, తీరిగ్గా మాట్లాడుకుందాం" అనేవాడు. ఆదివారం వెళ్తే కాఫీ ఇచ్చి, నా ఆరోగ్యం అడిగి, టైల్స్ కంపెనీ క్యాలెండర్ చేతిలో పెట్టి సాగనంపేవాడు. వీధి చివరికి వచ్చాక గుర్తొచ్చేది, ఇంజను మాట రానే లేదని. మా ఇంట్లో ప్రతి గదిలోనూ ఆ కంపెనీ క్యాలెండరే.

చివరికి పాత ఇనుము కొట్లో ఒక గుర్రం ఇంజను దొరికింది. రంపపు మిల్లులో రంపం తిప్పిందట. లోపలంతా పొట్టు. విప్పి, కడిగి, రింగులు మార్చి బాడీలో బిగించాను. మొదటిసారి స్టార్టయిన రోజు ఇంటి ముందుకు తెచ్చి ఆపాను. మా ఆవిడ చేతిలో గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. ఒక్క క్షణం విన్నది. "ఇది మా నాన్నది కాదు" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఏటా ఒక చెరువు ఒడ్డు ఊళ్ళో పెద్ద ర్యాలీ జరుగుతుంది. అన్ని కంపెనీల బండ్లూ వేలల్లో వస్తాయి. ఆ వారం ఆ ఊళ్ళో మనిషి మాట మనిషికి వినపడదు. చివరి రోజు పొద్దున మాత్రం బడి మైదానంలో గుర్రం బండ్లు ఒక్కటే. వాళ్ళకొక సంఘం ఉంది. ఆ ప్రదర్శనలో అన్నిటికన్నా గొప్ప బహుమతి ఒంటి నంబరు బండికి. అంటే బాడీ మీదా ఇంజను మీదా ఫ్యాక్టరీలో కొట్టిన నంబరు ఒకటే అయి ఉండాలి. పుట్టినప్పటి గుండె పుట్టినప్పటి ఒంట్లోనే ఉండాలన్నమాట. అలాంటివి ఇప్పుడు అరుదు. గెలిచిన బండిని ఒక పెద్దమనిషి అక్కడికక్కడే కొంటాడని పేరు. ఎండాకాలంలో కూడా తెల్ల గ్లవుజులు వేసుకుని తిరుగుతాడు కాబట్టి గ్లవుజులాయన అంటారు.

మా బాడీ నంబరు నాలుగు వేల నూట డెబ్బై నాలుగు. రంపపు ఇంజను మీద ఇంకేదో ఉంది. ఉండాల్సిన ఇంజనేమో వెన్నపూస ఇంట్లో కూర్చుంది. నాకు రావలసినది వాడు ఆపినప్పుడు, నా దగ్గరున్నదానికి ఆ నంబరు రాయించుకుంటే అందులో దొంగతనం ఎక్కడుంది. మా మామ నంబరే కదా, పరాయివాడిది కాదు. బస్టాండు మెట్ల కింద తాళంచెవులు చేసే ముసలాయన దగ్గర అంకెల పంచ్‌లు ఉన్నాయి. పాత నంబరు ఆకురాయితో అరగదీసి, కొత్తది కొట్టించాను. కాగితం మీద నేను రాసిచ్చిన అంకెలు చూసి ముసలాయన తల గోక్కున్నాడు.

"ఈ నంబరు ఇదివరకు ఎక్కడో కొట్టినట్టుందే."

"తాళాల మీద ఎన్ని వందలు కొట్టి ఉంటావో. అందులో ఇదీ ఒకటి" అన్నాను.

ర్యాలీకి బండిని వ్యానులో ఎక్కించుకుని వెళ్ళాం. మా ఆవిడ వస్తానంటే ఆశ్చర్యపోయాను. "బండి కోసం కాదు. నాన్న బండిలాంటివి అన్నీ ఒకచోట మోగుతాయటగా. విని వస్తాను" అంది. ఊళ్ళో గది అన్నది లేదు. ఒక మంగలి తన షాపు ఇస్తానన్నాడు, ర్యాలీ రోజుల్లో గడ్డాల కన్నా అదే లాభమట. రెండు కుర్చీలూ వెనక్కి వాల్చి ఇచ్చాడు. మధ్యలో బండి. అద్దంలో మళ్ళీ ఇంకో బండి, ఇంకో మేము. తెల్లవారగానే ఆయన కెటిల్ పట్టుకుని షట్టర్ మీద తట్టాడు.

"లేవండి సార్. మొదటి బేరం వచ్చి నిలబడ్డాడు. కావాలంటే మీకూ గీస్తాను, ప్రదర్శనకి వెళ్తున్నారుగా, బండి ఒక్కటే మెరిస్తే చాలదు."

మా ఆవిడ నవ్వింది. నేను గీయించుకున్నాను. ఆ రోజు నేనే గెలుస్తానని నాకు అంత నమ్మకం.

మైదానంలో సుద్దతో పొడుగ్గా గీత గీశారు. వాళ్ళకొక ఆచారం ఉంది, ఇంకే కంపెనీ వాళ్ళకీ లేదు. అందంగా ఉన్నవి ముందు, పాతవి వెనక అని కాదు. నంబర్ల వరసలో నిలబెడతారు. ఫ్యాక్టరీ గేటులోంచి ఏది ముందు వచ్చిందో అది ముందు. దాన్ని పుట్టుక వరస అంటారు. పక్కపక్కన పుట్టిన బండ్లు ఇన్నేళ్ళకి మళ్ళీ పక్కపక్కన నిలబడతాయి. ఆ వరసలో పెద్దాచిన్నా మనుషులకి కాదు, బండ్లకే. నెరిసిన జుట్టాయన ఒకడు మీసాలు రాని కుర్రాణ్ణి "అన్నా, కాస్త అటు జరుగు" అంటున్నాడు. కుర్రాడి బండి ముందు పుట్టింది మరి.

సుద్దముక్క పట్టుకున్న మనిషి ఒకడు నంబరు చదివి, సీటు మీద రాసి, చోటు చూపిస్తున్నాడు. నా బండి నిలబెట్టాను. ఎడమపక్క రొట్టెల దుకాణం ఆయన, బాగా లావు. నన్ను చూడగానే "రా తమ్ముడూ, నేను నీకన్నా ఐదు బండ్లు పెద్ద" అన్నాడు. కుడిపక్క ఒక పంతులమ్మ, తన బండిని తానే గుడ్డతో తుడుస్తోంది. మా ఆవిడ గట్టు మీద గడ్డిలో కూర్చుంది. అప్పుడే గేటు దగ్గర స్టార్టులు మొదలయ్యాయి. ఒకదాని తర్వాత ఒకటి, ఎద్దులమంద నీళ్ళకి దిగినట్టు. ఆమె కళ్ళు మూసుకుంది.

కళ్ళు తెరిచి ఉంటే ముందు ఆవిడే చూసేది. ఎర్రటి గుర్రం బండి ఒకటి నెట్టుకుంటూ వస్తున్నాడు వెన్నపూస. ఇస్త్రీ చేసిన కోటు, జేబు మీద గుర్రం బొమ్మ. వెనక మా మరదలు.

"అన్నయ్యా, మీరూ వచ్చారా. ఎంత సంతోషం. ముందే అనుకుంటే ఒకే కారులో వచ్చేవాళ్ళం కదా."

"ఆ బండి ఎక్కడిది?"

"ఎక్కడిదేముంది. ఇంజను ఖాళీగా ఉంటే పాడవుతుందని ఒక బాడీ చూసి బిగించాను. మామగారి జ్ఞాపకం."

సుద్దముక్క మనిషి వంగి ఆ బండి బాడీ చూశాడు, ఇంజను చూశాడు. సీటు మీద రాశాడు. తలెత్తి చోటు వెతికి, నా వంక చూసి ఆగిపోయాడు.

"మీ చోటు అదండీ. కానీ అందులో ఆయన ఉన్నాడు."

"నాలుగు వేల నూట డెబ్బై నాలుగు నాది" అన్నాను.

"ఈయనదీ అదే."

రొట్టెలాయన రెండు బండ్లనీ మార్చి మార్చి చూశాడు. "కవల పిల్లలా?" అన్నాడు. చుట్టూ నవ్వులు. పంతులమ్మ తుడవడం ఆపింది.

సంఘం పెద్దని పిలిచారు. ఆయన్ని అందరూ పెద్దగుర్రం అంటారు. ఎండిన చెరకుగడలా ఉంటాడు, మెడలో దారానికి భూతద్దం. వచ్చి గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని నా బాడీ నంబరు చూశాడు, వేలితో తడిమాడు. నా ఇంజను చూశాడు. అక్కణ్ణుంచి మోకాళ్ళ మీదే జరిగి వెన్నపూస బండి దగ్గరికి వెళ్ళాడు. ఎంతసేపు చూశాడో.  వెన్నపూస రుమాలుతో కోటు మీద దుమ్ము దులుపుకుంటున్నాడు.

"ఫ్యాక్టరీ వాళ్ళు కొట్టే నాలుగు, పైన మూసి ఉంటుంది" అన్నాడు పెద్దగుర్రం లేస్తూ. "ఈయన బాడీ మీద మూసి ఉంది. ఆయన ఇంజను మీద మూసి ఉంది. రెండూ అసలువి. మిగిలిన రెండింటి మీదా తెరిచి ఉంది. పైగా ఆ రెండింట్లోనూ నాలుగు కాలు ఒకే చోట విరిగింది. ఇద్దరూ ఒకే మనిషి చేత కొట్టించుకున్నట్టున్నారు."

బస్టాండు ముసలాయన తల గోక్కోవడం అప్పుడు అర్థమైంది నాకు. వెన్నపూస నాకన్నా ముందే వెళ్ళాడు. చూశారా, మోసం కూడా ముందు వాడే చేశాడు.

"అంటే ఒకే బండిని రెండు ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కకి ఒక్కొక్క అబద్ధం అతికించారు" అన్నాడు పెద్దగుర్రం. కోపంగా అనలేదు. విచిత్రం చూసినవాడిలా అన్నాడు. "ఇన్నేళ్ళలో ఇది చూడలేదు. ఎలా విడిపోయింది?"

"మా నాన్నది" అన్నది మా మరదలు. అక్క గట్టు దిగి వచ్చి చెల్లెలి పక్కన నిలబడింది. ఒకరినొకరు చూసుకోలేదు కానీ భుజాలు తగులుతున్నాయి.

అప్పటికి గ్లవుజులాయన కూడా వచ్చి వింటున్నాడు. సన్నగా దగ్గాడు. "ఆ రెండు అసలు ముక్కలూ కలిపి నిలబెడితే నేను తీసుకుంటాను. బహుమతి ఎవరికి వచ్చినా సరే. ఒంటి నంబర్లు నా దగ్గర చాలా ఉన్నాయి. రెండు ఇళ్ళలో విడివిడిగా బతికి మళ్ళీ కలిసిన బండి లేదు. ధర గురించి మీరు బాధపడక్కర్లేదు."

పెద్దగుర్రం చెయ్యెత్తాడు. "ఒక పని చెయ్యాలి. నా అద్దం చెబితే చాలదు. రేపు మీరే కాదంటారు. ఎవరు కొట్టించింది వాళ్ళు నోటితో చెప్పాలి, వరసలో నలుగురికీ వినబడేట్టు. ఈ నంబరు నేను కొట్టించాను అని. అంతే. చెబితే దొంగ నంబర్లు రెండూ మేం చెరిపేస్తాం, మీరు బండి కలిపి ఇదే చోట నిలబెట్టుకోండి. చెప్పకపోతే ఈ నంబరు బండి ఇక లేదు. మా సంఘం లెక్కలో అది పుట్టలేదు. ఎవరూ కొనరు, ఎక్కడా నిలబెట్టనివ్వరు. నేను వరస చివరిదాకా చూసుకుని వస్తాను. ఈలోపు తేల్చుకోండి."

ఆయన అటు నడిచాడు. నేను వెన్నపూస వైపు తిరిగాను.

"చెప్పు."

"మీరుండగా నేనా అన్నయ్యా."

"ముందు కొట్టించింది నువ్వు."

"ముందు వచ్చి ఈ చోటులో నిలబడింది మీరు. పైగా పెద్దవారు. పెద్దవారు నోరు తెరవకుండా చిన్నవాణ్ణి నేను మాట్లాడితే ఏం బాగుంటుంది."

"ఇంజను కొట్టేసినప్పుడు గుర్తు రాలేదా పెద్దరికం?"

"కొట్టేయడం అంటారేమిటి. పంచుకున్నాం. మీరే కదా బాడీ మోసుకెళ్ళారు."

నవ్వుతూనే అంటున్నాడు. వాడి నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు ఉంటాడు, కానీ వేలు తిరిగి రాదు. నేను మొదట చెప్పానే అనుకోండి. నేను కొట్టించానని నలుగురిలో ఒప్పుకున్నాక, వాడు "అయ్యో అన్నయ్యా, మీరిలాంటి పని చేశారా" అంటే? నాదేమీ లేదంటే? వాడి సంగతి మీకు తెలియదు. నాకు తెలుసు. తొమ్మిదేళ్ళు క్యాలెండర్లు మోసినవాణ్ణి.

మా ఆవిడ వ్యాను దగ్గరికి వెళ్ళి నా పనిముట్ల సంచీ తెచ్చింది. చెల్లెలి ముందు పెట్టి గడ్డిలో చతికిలబడింది.

"పట్టుకో" అంది. అన్నేళ్ళ తర్వాత చెల్లెలితో మాట్లాడిన మొదటి మాట అది.

"కింది బోల్టు ముందు విప్పకూడదు. నాన్న ఏమనేవాడు?"

"పై నుంచి కిందికి. బిగించేటప్పుడు కింది నుంచి పైకి."

"గుర్తుందే నీకు."

"మొట్టికాయ తిన్నది నేను కదా."

ఇద్దరూ పని మొదలుపెట్టారు. పెద్దది రెంచీ పట్టుకుంటే చిన్నది తిప్పుతోంది. మామ అలాగే నేర్పాడట, ఒకరు బిగపడితే ఒకరు తిప్పాలని. ముందు నా బండి బోల్టులు, తర్వాత వెన్నపూస బండివి. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, మోచేతుల దాకా నల్లటి నూనెతో నవ్వుకుంటున్నారు. మా ఆవిడ అలా నవ్వగా నేను చూసి చాలా కాలమైంది. పంతులమ్మ వచ్చి ఇంజను కింద చెక్క దిమ్మ పెట్టింది. "మగవాళ్ళు తేల్చుకునేలోపు వీళ్ళు ఫ్యాక్టరీ పెట్టేట్టున్నారు" అంది.

రొట్టెలాయనకి మా మీద జాలేసింది. "చూడండయ్యా, ఎవరు ముందన్నదే కదా గొడవ. ఇద్దరూ ఒక్కసారే అనండి. నేను లెక్కపెడతాను. మూడు అనగానే ఇద్దరి నోటా ఒకే మాట. తప్పా?"

"తప్పేముంది" అన్నాడు వెన్నపూస.

"సరే" అన్నాను.

చుట్టూ జనం చేరారు. రొట్టెలాయన చేతులు పైకెత్తి, "ఒకటి, రెండు, మూడు" అన్నాడు.

నేను నోరు తెరిచాను. వాడూ తెరిచాడు. వాడి గొంతులోంచి మాట వస్తుందేమోనని నేను చూశాను. నా గొంతులోంచి వస్తుందేమోనని వాడు చూశాడు. ఇద్దరం పంటి డాక్టరు ముందు కూర్చున్నట్టు నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాం. జనం విరగబడి నవ్వారు. రొట్టెలాయన చేతులు దించేశాడు. "మీకో దండం. నా పొయ్యిలో పిండైనా చెప్పిన మాట వింటుంది" అని తన బండి దగ్గరికి పోయాడు.

మా ఆవిడ లేచి వచ్చింది. చేతికున్న నూనె నా చొక్కాకి అంటుతుందని కూడా చూడకుండా నా మోచెయ్యి పట్టుకుంది. గొంతు తగ్గించి అంది.

"ఏమండీ. అమ్మితే అమ్మండి, ఆ డబ్బు మీరే ఉంచుకోండి. నాకొద్దు. ఒక్కసారి కలిపి మోగనివ్వండి. నాన్న బండి చప్పుడు ఒక్కసారి వింటాను. ఒక్క మాట అనండి చాలు."

"వాణ్ణి అనమను."

"అతని సంగతి మా చెల్లెలు చూసుకుంటుంది. మీరు అనండి."

"నేను పెద్దల్లుణ్ణి. నేను తల దించితే వాడు నెత్తికెక్కుతాడు. నీకు తెలీదు, ఊరుకో."

ఆమె చెయ్యి తీసేసింది. అక్కడ మా మరదలు మొగుడి కోటు పట్టుకుని ఏదో అంటోంది. వెన్నపూస ఆమె భుజం తడుతూ, "అన్నయ్య అననీ, ఆ వెంటనే నేనూ అంటాను, నీ మీద ఒట్టు" అంటున్నాడు. విన్నారుగా. ఆ వెంటనే అట. ముందు మాత్రం కాదట.

పెద్దగుర్రం తిరిగి వచ్చాడు. విప్పి పెట్టిన రెండు ఇంజన్లనీ, ఖాళీగా నోళ్ళు తెరిచిన రెండు బాడీలనీ చూశాడు. ఇంకొంచెం ఎత్తి పెడితే మామ ఇంజను మామ బాడీలోకి వెళ్ళిపోతుంది. మధ్యలో జానెడు గడ్డి ఉంది.

"ఏమంటారు?" అన్నాడు.

 మా ఆవిడ ముందుకు వచ్చింది. "మా ఆయన కొట్టించాడు. నేను చెబుతున్నాను" అంది, అందరికీ వినబడేట్టు. నాకు భూమిలోకి కూరుకుపోయినట్టయింది. ఆ వెంటనే మరదలు, "మా ఆయనా కొట్టించాడు" అంది.

పెద్దగుర్రం ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "యజమాని చెప్పాలమ్మా."

"యజమాని మా నాన్న" అంది మా ఆవిడ.

 పెద్దగుర్రం భూతద్దం దారాన్ని వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు. ముందు వెన్నపూసని చూశాడు.

"అన్నయ్య ఏమంటే అదే నా మాటండీ. పెద్దవారు" అన్నాడు వెన్నపూస, చేతులు కట్టుకుని.

చూశారా వాడి తెలివి. చెప్పనూ చెప్పలేదు, చెప్పనని అననూ లేదు. బరువంతా తెచ్చి నా నెత్తిన పెట్టాడు. పెద్దగుర్రం నా వంక చూశాడు. వరస వరసంతా నా వంక చూసింది. ఏడో తరగతిలో లెక్క రాక బెంచీ మీద నిలబెట్టినప్పుడు కూడా ఇంతమంది చూడలేదు.

"వాడి బండి సంగతి వాణ్ణి అడగండి" అన్నాను. "నా దగ్గరున్నది మా మామ బండి. నేను చెప్పాల్సిందేమీ లేదు."

పెద్దగుర్రం వంగి నా సీటు మీద సుద్దరాత చొక్కా చేతితో తుడిచాడు. వెన్నపూస సీటు మీదదీ తుడిచాడు. రొట్టెలాయనతో, పంతులమ్మతో, "మీరు కాస్త దగ్గరికి జరగండి" అన్నాడు. వాళ్ళు చెరో పక్కనుంచి బండ్లు జరిపారు. మా చోటు మూసుకుపోయింది. అక్కడ ఒక బండి పట్టేంత ఖాళీ కూడా మిగల్లేదు. మేము, మా ముక్కలు, వరస వెనక గడ్డిలో మిగిలాం. జడ్జీలు మా ముందునుంచే నడుచుకుంటూ వెళ్ళారు. మమ్మల్ని చూడలేదు.

రంపపు ఇంజనుని నేనొక్కణ్ణే ఎత్తి వ్యానులో పడేసుకున్నాను. బాడీ ఎక్కిస్తుంటే పట్టడానికి ఎవరూ రాలేదు. మా ఆవిడ నా సంచీలో పనిముట్లు తుడిచి సర్దింది, ఒక్కటి కూడా తక్కువ కాకుండా. సంచీ నా కాళ్ళ దగ్గర పెట్టి, "నేను చెల్లెలితో వస్తాను" అని వెళ్ళిపోయింది. వెన్నపూస తన ముక్కలు కారు వెనక ట్రాలీకి ఎక్కించాక, వెనక సీట్లో ఇద్దరూ ఎక్కారు. వాడు ముందు ఒక్కడే డ్రైవరులా కూర్చున్నాడు. వాడి మొహంలో వెన్న కరిగిపోయి ఉంది, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి. అయినా కారు కదిలే ముందు అద్దం దించి, "జాగ్రత్తగా వెళ్ళండి అన్నయ్యా" అన్నాడు. ఈ మధ్య చుట్టాలిళ్ళలో, "అన్నయ్య ఒక్క మాట అని ఉంటే" అంటూ నిట్టూరుస్తున్నాడట. మా ఆవిడ అది విని కూడా నా తరఫున ఒక్క ముక్క మాట్లాడదు. ఆదివారాలు చెల్లెలింటికి వెళ్తుంది. అక్కడ పెరట్లో ఆ ఇంజనుని దిమ్మ మీద పెట్టి, ఇద్దరూ కలిసి గుడ్డతో తుడుస్తారట. ఎర్ర బాడీలో మళ్ళీ బిగించనివ్వరట, మోగించడానికి దానికి సొంత ఒళ్ళు లేదు. ఒళ్ళు నా దగ్గరుంది. అడిగితే ఇస్తాను. వాడు వచ్చి అడగాలి.

ఆ రోజు నేను వ్యాను తలుపు వేస్తుంటే గ్లవుజులాయన వచ్చాడు. చేతి గ్లవుజులు విప్పి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఖాళీ చేతులతో ఆయన్ని చూడడం అదే మొదలు. మామూలు చేతులే, గోళ్ళు కొరుక్కుంటాడనుకుంటా.

"ఇప్పుడు చెప్పి లాభం లేదనుకోండి" అన్నాడు. "కానీ మీకు తెలియాలి. మీరిద్దరూ నోరు విప్పుతారని నేను జేబులో చెక్కు కూడా రాసి పెట్టుకున్నాను."

ఎంతకి అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది. ఆయన చెప్పాడు, బేరమాడేవాడిలా కాదు, చావు కబురు చెప్పేవాడిలా. పదహారు లక్షల నలభై వేలు. ఇద్దరికీ సమానం అంటే సగం. వెన్నపూస నోరు ముందు తెరవకపోవడం వల్ల నేను పోగొట్టుకున్నది అక్షరాలా ఎనిమిది లక్షల ఇరవై వేలు.